కొత్త విండోస్ నుంచి పాత విండోస్ షేర్ ఫోల్డర్ తెరుచుకోకపోతే: సమస్య - పరిష్కారం

విశాఖ డాబా గార్డెన్స్‌లో అకౌంట్స్ ఆఫీసైనా, గాజువాక ఆటోనగర్‌లో వర్క్‌షాపైనా ఫోన్‌లో వినిపించేది ఒకటే మాట: “నిన్నటిదాకా బాగానే వచ్చిందండీ, పొద్దున్నుంచి ఆ ఫోల్డర్ రావట్లేదు.” వెళ్లి చూస్తే పరిస్థితీ దాదాపు ఒకటే. మూల టేబుల్ మీద విండోస్ 7 పాత సిస్టమ్, అందులో ఏళ్ల తరబడి డేటా. ఓనర్ టేబుల్ మీద కొత్తగా కొన్న విండోస్ 11. నేను వెళ్లేసరికి కేబుల్ మార్చేసి ఉంటారు, రూటర్ రీసెట్ కొట్టేసి ఉంటారు, ఎవరో వీడియో చూసి ఎస్‌ఎంబీ 1 (ఫోల్డర్ షేరింగ్‌కి విండోస్ వాడిన పాత పద్ధతి) కూడా ఆన్ చేసేసి ఉంటారు. పాత సిస్టమ్‌లో యూజర్‌కి పాస్‌వర్డ్ ఉందా లేదా అన్నది మాత్రం ఎవరూ చూసి ఉండరు.

ఫోల్డర్ షేర్ చేయడం, ఐపీ అడ్రస్ చూసుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: నెట్‌వర్క్‌లో పాత కంప్యూటర్ పేరే కనిపించట్లేదు

ఇది అసలు సమస్యే కాకపోవచ్చు. రన్ బాక్స్ తెరిచి రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, పాత సిస్టమ్ ఐపీ టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫోల్డర్లు కనిపించాయా? అయితే షేరింగ్ బాగానే ఉంది. దాన్ని డ్రైవ్‌గా మ్యాప్ చేసుకుని పని చూసుకోండి. పేరు కనిపించడం వేరు, కనెక్ట్ అవడం వేరు. ఈ ఒక్క చెక్ చేయకుండా పూట పూటంతా పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

పాత రోజుల్లో నెట్‌వర్క్‌లో కంప్యూటర్ల జాబితా తయారుచేసే పద్ధతి ఎస్‌ఎంబీ 1 మీద నడిచేది. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లలో ఎస్‌ఎంబీ 1 ఉండదు. దాంతో ఆ పాత జాబితా కూడా పోయింది. పేరు కనిపించి తీరాలంటే రెండు సిస్టమ్‌లలోనూ సర్వీసెస్‌లోకి వెళ్లి ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ని ఆటోమేటిక్‌లో పెట్టి స్టార్ట్ చేయండి. పాత షేరింగ్ ఫీచర్ హోమ్‌గ్రూప్ కోసం మాత్రం వెతకొద్దు. విండోస్ 10లో 1803 వెర్షన్‌తోనే దాన్ని తీసేశారు.

సమస్య: ఐపీ కొట్టినా ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అంటోంది

ముందు రెండు ఐపీలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 192.168.1తో, ఇంకోటి 192.168.0తో మొదలైతే మీ ఆఫీసులో రెండు రూటర్లు ఉన్నాయి. ఇంటర్నెట్ వాళ్లు పెట్టిన ఫైబర్ బాక్స్ ఒకటి, వై-ఫై సరిగా రావట్లేదని మీరు కొన్నది ఇంకోటి. రెండో దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంతంగా ఐపీలు ఇవ్వకుండా వై-ఫై మాత్రమే ఇచ్చేలా) మార్చండి. కొత్త ల్యాప్‌టాప్ గెస్ట్ వై-ఫైలో ఉన్నా ఇదే గొడవ. గెస్ట్ వై-ఫై పనే లోపలి సిస్టమ్‌లు కనిపించకుండా చేయడం.

తర్వాత నెట్‌వర్క్ ప్రొఫైల్. కొత్త రూటర్ తగిలించగానే విండోస్ దాన్ని పబ్లిక్ అనుకుంటుంది, ఫైర్‌వాల్ మూసుకుంటుంది. ప్రైవేట్‌కి మార్చండి. విండోస్ 7లో అయితే ‘వర్క్ నెట్‌వర్క్’ ఎంచుకోండి. పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతోందా అని చూసే కమాండ్) కొట్టి రిప్లై రాలేదని కేబుల్ మీద పడొద్దు. ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసినా అలాగే ఉంటుంది.

కేబుల్‌దే తప్పయ్యే సందర్భమూ మన ఊళ్లో లేకపోలేదు. బీచ్ రోడ్డు వైపు కిటికీలు తెరిచి ఉంచే ఆఫీసుల్లో ఉప్పు గాలికి కనెక్టర్ లోపలి రాగి పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. వన్ టౌన్ వైపు అయితే పోర్టు దుమ్ము. కనెక్టర్ కొత్తది క్రింప్ చేయిస్తే సరి. కానీ ఆ సిస్టమ్‌లో ఇంటర్నెట్ మామూలుగా వస్తుంటే కేబుల్‌ని వదిలేయండి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా 80070035తో ముగిసే ఎర్రర్ వస్తోందా? అయితే అసలు దొంగ ఇక్కడున్నాడు.

అసలు కారణం: పాస్‌వర్డ్ లేకుండా నడిపిన షేరింగ్

విండోస్ 7 సెటప్ చేసిన రోజు ఎవరో టెక్నీషియన్ వచ్చి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ని ఆఫ్ చేసి, ఫోల్డర్‌కి ‘ఎవ్రీవన్’ అని ఇచ్చి వెళ్లిపోయి ఉంటాడు. ఆ ఆప్షన్ ఆఫ్ చేస్తే గెస్ట్ అకౌంట్, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా రాగల అకౌంట్, నెట్‌వర్క్‌కి తెరుచుకుంటుంది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా, ఏ పేరు చెప్పినా, ఆ పేరు తన దగ్గర లేకపోతే విండోస్ 7 “సరే, గెస్ట్‌గా లోపలికి రా” అంటుంది. ఏళ్ల తరబడి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇప్పుడు మారింది పాత సిస్టమ్ కాదు, కొత్తది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్, అంటే 2024 అక్టోబరులో వచ్చిన అప్‌డేట్ నుంచి, ప్రో ఎడిషన్‌లో కూడా గెస్ట్‌గా వెళ్లడం ఆపేశారు. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో 2017 నుంచే ఆగింది. దానికి తోడు ప్రతి కనెక్షన్‌కీ సైనింగ్ తప్పనిసరి చేశారు. సైనింగ్ అంటే పంపే ప్రతి ప్యాకెట్ మీదా ఒక ముద్ర. ఆ ముద్రకి కావాల్సిన తాళం చెవి లాగిన్ పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది. గెస్ట్‌కి పాస్‌వర్డే లేదు కాబట్టి ముద్రా లేదు. పాత సిస్టమ్ తలుపు తీసే ఉంచింది, లోపలికి వెళ్లనంటున్నది కొత్త సిస్టమ్. మనవాళ్లు మాత్రం పాత దాన్నే విప్పి కూర్చుంటారు.

అదృష్టం బాగుంటే ఎర్రర్ కాస్త స్పష్టంగా వస్తుంది: మీ ఆర్గనైజేషన్ సెక్యూరిటీ పాలసీలు గెస్ట్ యాక్సెస్‌ని ఆపుతున్నాయి అని. పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ షాపులో అది చదివి “మాకు ఆర్గనైజేషన్ ఏటండీ, నేనూ మా తమ్ముడూ తప్ప?” అని అడుగుతారు. నిజమే, ఆ పాలసీ విండోస్ తనంతట తాను పెట్టుకున్నది. ఎక్కువసార్లు ఆ మాట కూడా రాదు, ‘పాత్ దొరకలేదు’ అనే వస్తుంది. అందుకే అందరూ కేబుల్ వైపు పరుగెడతారు.

అనుమానం తీర్చుకోవాలంటే కొత్త సిస్టమ్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, ఎస్‌ఎంబీ క్లయింట్, సెక్యూరిటీ వరుసగా దిగండి. 31017 నంబర్ ఈవెంట్ ఉంటే గెస్ట్ లాగిన్‌ని తిరస్కరించినట్టు. ఇక వేరే ఏదీ వెతకక్కర్లేదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. మీరు పాత సిస్టమ్‌లో కొత్త యూజర్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, కొత్త సిస్టమ్ నుంచి వెళ్లేటప్పుడు యూజర్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టారనుకోండి. గెస్ట్ ఇంకా ఆన్‌లో ఉంటే పాత సిస్టమ్ “పేరు తప్పు” అనదు, గెస్ట్‌గా రమ్మంటుంది. కొత్తది వద్దంటుంది. మీకు కనిపించేది మళ్లీ అదే పాత ఎర్రర్. “పాస్‌వర్డ్ పెట్టినా రాలేదండీ” అనేవాళ్లలో సగం మంది దగ్గర జరిగేది ఇదే. అందుకని ముందు గెస్ట్‌ని ఆఫ్ చేయండి. అప్పుడు తప్పు కొడితే తప్పని తెలుస్తుంది.

పరిష్కారం

పాత విండోస్ 7లో కంట్రోల్ ప్యానెల్, యూజర్ అకౌంట్స్‌లో ‘ఆఫీస్’ అని ఒక స్టాండర్డ్ యూజర్ చేసి పాస్‌వర్డ్ పెట్టండి. గెస్ట్ ఆఫ్. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ నుంచి పర్మిషన్స్‌లో ‘ఎవ్రీవన్’ తీసేసి ‘ఆఫీస్’ చేర్చి, ఛేంజ్ కూడా టిక్ పెట్టండి. పక్కనున్న సెక్యూరిటీ ట్యాబ్‌లో అదే యూజర్‌కి మోడిఫై ఇవ్వండి. ఈ రెండో చోటు మర్చిపోయిన చోటే ‘ఓపెన్ అవుతోంది, సేవ్ అవట్లేదు’ అనే ఫోన్ వస్తుంది. రెండిట్లో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది.

కొత్త సిస్టమ్‌లో సేవ్ చేసిన లాగిన్ వివరాలు ఉండే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో పాత సిస్టమ్ పేరుతోనో ఐపీతోనో ఉన్న పాతవన్నీ తీసేయండి. కొత్తది చేర్చేటప్పుడు యూజర్ దగ్గర పాత సిస్టమ్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత ‘ఆఫీస్’ కొట్టండి. డ్రైవ్ ఏ అడ్రస్‌తో మ్యాప్ చేస్తారో క్రెడెన్షియల్ కూడా అదే అడ్రస్‌తో ఉండాలి. విండోస్‌కి పేరు వేరు, ఐపీ వేరు. రెండూ ఒకే సిస్టమ్‌వని దానికి తెలీదు. ఒకసారి రీస్టార్ట్ చేసి మ్యాప్ చేయండి.

రిజిస్ట్రీలో గెస్ట్‌ని తిరిగి అనుమతించే చిట్కా ఒకటి తిరుగుతోంది. 24హెచ్2లో దాంతో పాటు సైనింగ్ తప్పనిసరిని కూడా ఆఫ్ చేయాలి. అంటే లెక్కలు, బ్యాంకు పని అన్నీ జరిగే సిస్టమ్‌కి రెండు గడియలూ తీసేస్తున్నారు, ఒక యూజర్ చేయడానికి బద్ధకించి. నేనైతే చేయను, నా కస్టమర్లకి చేయనివ్వను.

ఎస్‌ఎంబీ 1 సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విండోస్ 7కి అది అక్కర్లేదు. విస్టాతోనే ఎస్‌ఎంబీ 2 వచ్చింది, విండోస్ 7లో 2.1 ఉంది, సైనింగ్ కూడా చేయగలదు. విండోస్ 7 కోసం ఎస్‌ఎంబీ 1 ఆన్ చేసి ఉంటే ఇప్పుడే ఆఫ్ చేయండి. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై పాకింది ఆ ఎస్‌ఎంబీ 1 కన్నంలోంచే. దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు మునిగారు. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది.

సమస్య: పాస్‌వర్డ్ అడుగుతోంది, సరైనదే కొట్టినా ఒప్పుకోవట్లేదు

మీరు కొడుతున్నది పిన్. సిస్టమ్ తెరవడానికి రోజూ కొట్టే ఆ నాలుగంకెలు ఆ సిస్టమ్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తాయి, నెట్‌వర్క్‌లో చెల్లవు. ఫోల్డర్ విండోస్ 11లో ఉండి విండోస్ 7 నుంచి తెరవాల్సి వచ్చినప్పుడు ఇది ఎక్కువ. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. దాంతో కుస్తీ పట్టకుండా విండోస్ 11లో షేరింగ్ కోసమే మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేని లోకల్ యూజర్ ఒకటి చేసేయండి.

పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న యూజర్‌తోనూ రాదు. ఖాళీ పాస్‌వర్డ్ అకౌంట్లని నెట్‌వర్క్ నుంచి రానివ్వకపోవడం ఎప్పటి నుంచో ఉన్న రూలే. 1219 ఎర్రర్ వస్తే, ఒకే సిస్టమ్‌కి ఇంకో యూజర్ పేరుతో అప్పటికే కనెక్షన్ ఉందని అర్థం. పాత మ్యాప్ డ్రైవ్‌లన్నీ డిస్‌కనెక్ట్ చేసి రీస్టార్ట్ చేయండి.

సమస్య: పాత సిస్టమ్‌లో ఉన్నది ఎక్స్‌పీ

ఆటోనగర్‌లో కటింగ్ మెషీన్‌కి తగిలించిన సిస్టమ్‌లలో ఎక్స్‌పీ ఇంకా కనిపిస్తుంది. మెషీన్ సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుంది కాబట్టి మార్చమని నేను చెప్పను. కానీ ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ 1 తప్ప వేరేది రాదు. డ్రాయింగ్ ఫైల్ రోజుకి ఒకటో రెండో అయితే పెన్‌డ్రైవ్ వాడండి, గొడవ వదిలిపోతుంది.

తప్పదంటే విండోస్ ఫీచర్స్‌లో ఎస్‌ఎంబీ 1 దగ్గర ప్లస్ నొక్కితే మూడు లైన్లు వస్తాయి: ఆటోమేటిక్ రిమూవల్, క్లయింట్, సర్వర్. కొత్త దాన్నుంచి ఎక్స్‌పీ ఫోల్డర్ తెరవడమే పని అయితే క్లయింట్ ఒక్కటే టిక్ పెట్టండి. ఆటోమేటిక్ రిమూవల్ టిక్ తీసేయండి. సిస్టమ్ ఆన్‌లో ఉన్న సమయం లెక్కలో 15 రోజులు వాడకపోతే ఎస్‌ఎంబీ 1ని తీసేయడానికే ఆ లైన్ ఉంది. ఎక్స్‌పీ ప్రోలో ఫోల్డర్ ఆప్షన్స్‌లోని ‘సింపుల్ ఫైల్ షేరింగ్’ టిక్ కూడా తీయాలి. అది ఉన్నంతసేపు ఏ యూజర్‌తో వెళ్లినా గెస్ట్‌గానే చూస్తుంది. ఎక్స్‌పీ హోమ్‌లో ఆ ఆప్షనే లేదు. 24హెచ్2 సైనింగ్ కూడా అడుగుతుంది కాబట్టి ఎస్‌ఎంబీ 1 ఒక్కటి వేస్తే వచ్చేస్తుందన్న భరోసా లేదు. ఏది చేసినా ఆ ఎక్స్‌పీకి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి. 2014 ఏప్రిల్‌తోనే దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి.

మిగిలినవి

అరుదుగా యాంటీవైరస్‌లో ఉండే సొంత ఫైర్‌వాల్, ఫోల్డర్ షేరింగ్ నడిచే 445 పోర్ట్‌ని ఆపుతుంది. ఒక నిమిషం ఆఫ్ చేసి చూస్తే తెలుస్తుంది. రెండు సిస్టమ్‌లకి ఒకే పేరు ఉండటం, రూటర్ తనంతట తాను ఐపీలు పంచే డీహెచ్‌సీపీ వల్ల పాత సిస్టమ్ ఐపీ మారిపోవడం కూడా తగులుతుంటాయి. ఐపీని రూటర్‌లో రిజర్వ్ చేయండి. వర్క్‌గ్రూప్ పేరు కలవకపోతే షేరింగ్ రాదనేది మాత్రం ఉత్త మాట. ప్రింటర్ షేరింగ్‌లో 11బితో ముగిసే ఎర్రర్ 2021 సెప్టెంబరు అప్‌డేట్ తెచ్చిన వేరే గొడవ, ఇక్కడ రాసినవి దానికి పనిచేయవు.