ఒంటబట్టిన యోగాన్నే నేర్పడం: కొత్తగా శిక్షకులు కాబోయేవారికి

యోగా శిక్షకులు కావాలనుకునేవారిలో చాలామంది మొదట అడిగేది ఏ సర్టిఫికెట్ తీసుకోవాలని. దానికి సమాధానం ఉంది, కాని అంతకు ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఎవరూ అడగకపోయినా, ఎవరూ చూడకపోయినా, ఒక ఏడాదిపాటు రోజూ ఒకే వేళకు చాప పరచుకొని సాధన చేయగలిగారా? అభ్యాసం గట్టిపడడానికి పతంజలి చెప్పిన షరతులు మూడు: చాలాకాలం చేయడం, మధ్యలో మానకపోవడం, ఆదరంతో చేయడం. మొదటి రెండూ పట్టుదల గలవారికి సాధ్యమే. మూడోది మాత్రం శిక్షకుడయ్యాక కూడా పరీక్షిస్తూనే ఉంటుంది.

ఈ ఏడాదిలో ఆసనాల సంఖ్య పెంచుకోవాలని తొందరపడకండి. పది పన్నెండు ఆసనాలు, ఒకటి రెండు ప్రాణాయామాలు, చివర శవాసనం, ఇంతే చాలు. భోజనానికీ సాధనకూ మధ్య మూడు నాలుగు గంటల ఎడం ఉండాలి కాబట్టి తెల్లవారుజాము అందరికీ అనుకూలమైన వేళ. పక్కనే ఒక నోటు పుస్తకం ఉంచుకొని, ఏ ఆసనంలో ఊపిరి బిగిసిందో, ఏ వైపు తుంటి పట్టేసిందో, రాత్రి ఆలస్యంగా తిన్న మర్నాడు ముందుకు వంగడం ఎలా ఉందో రెండు మూడు వాక్యాలలో రాసుకోండి. రేపు మీ ఎదుట కూర్చున్న వ్యక్తి ఇక్కడ పట్టేస్తోందని చెప్పినప్పుడు మీకు అక్కరకు వచ్చేది ఈ పుస్తకమే. ఒళ్లు విరుచుకొనే యోగమంతా జెట్టి సాము, అంటే పహిల్వాను కసరత్తు, కన్న చింతాకు తక్కువేనని వేమన ఎప్పుడో తేల్చేశాడు. సాధనలో గమనిక లేకపోతే ఆ మాట మనకూ అక్షరాలా వర్తిస్తుంది.

చదువు సాధనతోపాటే సాగాలి. పతంజలి యోగసూత్రాలు నాలుగు పాదాలలో 195, కొన్ని పాఠాలలో 196. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే, అందులోనూ మొదటిది ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నది. ఆసనాలు, ప్రాణాయామం, ముద్రలు, బంధాల వివరాలకు స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపిక వైపు వెళ్లాలి. అది పదిహేనవ శతాబ్ది నాటిది. ఇక నేడు మనం చూసే ఆసనాల తరగతి రూపం చాలావరకు 1930లలో మైసూరు రాజాశ్రయంలో తిరుమలై కృష్ణమాచార్య నడిపిన యోగశాలలో రూపుదిద్దుకొంది. ఆయన శిష్యులైన బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆ విద్యను రెండు వేర్వేరు దారులలో నడిపించారు: ఒకరు తాళ్లు, దిమ్మెలు, పట్టీల సాయంతో అంగాంగాన్నీ సరిదిద్దే పద్ధతిలో, మరొకరు ఊపిరికి కదలికను జోడించే వరుసక్రమంలో. ఈ చరిత్ర తెలిసిన శిక్షకుడు తాను నేర్పే ప్రతి భంగిమా ఐదువేల ఏళ్లనాటిదని చెప్పుకోడు, చెప్పుకోవలసిన అవసరమూ లేదు.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి. మన దేశంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు రాత పరీక్ష, ప్రయోగ పరీక్ష పెట్టి శిక్షకులకు ధ్రువపత్రాలు ఇస్తుంది. శిక్షకులకు తొలి మెట్టు అయిన యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్‌కు 200 గంటల శిక్షణను, ఆ పైదైన వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్‌కు 400 గంటలను ప్రమాణంగా పెట్టుకొంది. విదేశాలలో తరచూ వినిపించే యోగా అలయన్స్ అమెరికాలోని ఒక నమోదు సంస్థ. శిక్షణను నమోదు చేసుకోవడం దాని పని, మీ బోధనను కూర్చోబెట్టి పరీక్షించడం కాదు. 200 గంటలను 25 రోజులకు కుదిస్తే రోజుకు 8 గంటలు. అంత తినగలమేమో కాని అంత అరిగించుకోలేం. వారాంతాలలో ఆరేడు నెలలు సాగే శిక్షణ దొరికితే నా ఓటు దానికే. లోనావ్లాలో 1924లో స్వామి కువలయానంద స్థాపించిన కైవల్యధామ వంటి పాత సంస్థలున్నాయి, సికింద్రాబాదులో వేమన పేరిటే ఒక యోగ పరిశోధన కేంద్రం ఉంది. ఎక్కడ చేరినా, డబ్బు కట్టేముందు ఒక తరగతిలో కూర్చొని చూడండి. శిక్షణలో మీ చేత ఎన్నిసార్లు పాఠం చెప్పిస్తారో, అది విని తప్పులు చెప్పేవారెవరో అడగండి. ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం రాకపోతే ఇంకో చోటు వెతుక్కోవడం మేలు.

ఆసనం బాగా వేయగలగడం వేరు, ఎదుటివారి ఒంట్లో దానిని చూడగలగడం వేరు. కాళ్లు చాపి కూర్చొని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనాన్నే తీసుకోండి. నేలమీద బాసింపట్టు వేసుకొని భోంచేసిన తరంవారికి తుంటి కీళ్లు కొంత వదులుగానే ఉంటాయి. రోజంతా కుర్చీలో కంప్యూటర్ ముందు గడిపే యువకుడికి తొడ వెనుక కండరాలు బిగిసిపోయి ఉంటాయి. కాళ్లు చాపి కూర్చోగానే అవి కటిని వెనక్కి లాగుతాయి, నడుము గూనిలా వంగుతుంది. అతడు కాలి వేళ్లను పట్టుకోవాలన్న పంతంతో చేతులతో లాక్కుంటే ఆ బరువంతా నడుములోని వెన్నుపూసల మధ్య పడుతుంది. చూసేవారికి ఆసనం వేసినట్లే కనిపిస్తుంది, నొప్పి మాత్రం రెండు రోజుల తరువాత తెలుస్తుంది. కాబట్టి మీ కన్ను వేళ్లమీద కాక నడుముమీద ఉండాలి. నడుము గుండ్రమైతే పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి వేయించి, మోకాళ్లను కొద్దిగా మడిపించి, పొట్ట తొడలవైపు వంగేలా చూడండి. పాదాలకు తుండుగుడ్డ చుట్టి రెండు కొసలూ పట్టుకోమంటే చేతులకూ పని దొరుకుతుంది, పంతమూ తగ్గుతుంది. ఇలా మీకు తెలిసిన ప్రతి ఆసనానికీ ఎక్కడ చూడాలి, ఏది తప్పుతుంది, దానికి ఇంట్లో దొరికే ఏ వస్తువు సాయపడుతుంది అన్న మూడు విషయాలు రాసి పెట్టుకోండి.

తరువాతది మాట. తెలుగులో పాఠం చెప్పేవారు ఆంగ్ల పుస్తకాలలోని సూచనలను ఉన్నదున్నట్లు తెలుగు చేసి చెప్పడం తరచూ వింటాం. మోకాలి చిప్పను పైకెత్తమంటే పెద్దావిడ కాలే పైకెత్తుతుంది. తొడ కండను బిగించమంటే పని జరిగిపోతుంది. త్రికోణాసనంలో పక్కకు సాగమని పదిసార్లు చెప్పేకన్నా, అటకమీది డబ్బాను అందుకుంటున్నట్లు చేయి పక్కకు చాచి, ఇక సాగలేమన్నప్పుడు కిందికి దించమంటే నడుము తనంతట తానే పొడుగవుతుంది. మడమ, చీలమండ, పిక్క, మణికట్టు, పక్కటెముకలు అన్న మాటలు అందరికీ తెలిసినవే, వాటినే వాడండి. ఒక వాక్యంలో ఒక పని మాత్రమే చెప్పి, అది పూర్తయ్యేదాకా ఆగండి. మీరు వారికి ఎదురుగా నిలబడి చూపేటప్పుడు నోటితో కుడి చేయి అంటూ మీరు ఎడమ చేయి ఎత్తాలి. ఇది మొదట్లో తికమక పెడుతుంది కనుక అద్దం ముందు వారం రోజులు సాధన చేయండి. అన్నిటికన్నా కష్టమైనది ఊరుకోవడం. శవాసనంలో ఎడతెగకుండా మాట్లాడే శిక్షకులు ఎక్కువ, నేనూ తొలి ఏడాదంతా ఆ జాబితాలోనే ఉన్నాను.

ఎవరినైనా చేర్చుకొనేముందు వారి ఆరోగ్యం గురించి విడిగా, నలుగురిలో కాకుండా అడగండి. అధిక రక్తపోటు, గ్లకోమా అనే కంటిజబ్బు, మెడ ఎముకల అరుగుదల ఉన్నవారికి తలకిందులుగా వేసే సర్వాంగాసనం, శీర్షాసనం వద్దు. గర్భిణులకు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారికి, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవారికి ఊపిరిని వేగంగా బయటికి తోసే కపాలభాతి చేయించకూడదు. ఎముకలు గుల్లబారినవారిని గట్టిగా ముందుకు వంచితే వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. డాక్టరు రాసిన మందులు మానేయమని చెప్పే హక్కు ఏ సర్టిఫికెట్టూ మనకు ఇవ్వదు. మధుమేహం నలభై రోజుల్లో పోతుందని కరపత్రం వేయడం యోగం చెప్పే నిగ్రహాలైన యమాలలో రెండోదైన సత్యాన్ని మొదటి రోజే వదిలేయడం.

యమనియమాలను ఒంటబట్టించుకోవడమంటే తరగతిలో వాటిమీద ఉపన్యాసం ఇవ్వడం కాదు. ఆరింటికి అని చెప్పి ఆరుంబావుకు వస్తే ఇరవై మంది సమయాన్ని కాజేసినట్లే, అంటే అస్తేయం తప్పినట్లే. ఒంగనివారిని వీపుమీద నొక్కి వంచడం అహింస కాదు. సరిదిద్దడానికి చేయి వేయాలంటే ప్రతిసారీ ముందుగా అడగాలి, వద్దంటే కారణం అడక్కుండా మాటతోనే సరిదిద్దాలి. తన దగ్గర నేర్చుకొన్నవారు వేరే గురువు దగ్గరికి వెళితే మొహం ముడుచుకోకపోవడం అపరిగ్రహంలోకే, అంటే నాదని పట్టుకొని కూర్చోకపోవడంలోకే వస్తుందని నా అభిప్రాయం.

మొదటి తరగతిని నలుగురితో, మీ డాబామీదో అపార్ట్‌మెంటు హాల్లోనో పెట్టుకోండి. గంటలో మొదటి ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవడానికి, పది నిమిషాలు కీళ్లను వదులు చేసే సూక్ష్మ వ్యాయామానికి, పాతిక నిమిషాలు ఆసనాలకు, పది నిమిషాలు ప్రాణాయామానికి, మిగిలిన పదీ శవాసనానికి ఉంచితే సరిపోతుంది. వెనక్కి వంగిన ఆసనం తరువాత ఒళ్లు నెమ్మదించే ప్రతిక్రియాసనం ఉండాలి. సమయం చాలకపోతే ఆసనాలను తగ్గించండి, శవాసనాన్ని కాదు. స్నేహితులైనా సరే, కొంత రుసుము తీసుకోవడం మంచిది. ఉచితంగా చెప్పిన తరగతికి వానపడితే ఎవరూ రారు.

నేడు కొందరు తెలుగు శిక్షకులకు విద్యార్థులలో కొంతమంది సముద్రాల అవతలే ఉంటున్నారు, వారికి పాఠం ఆన్‌లైన్‌లోనే. హైదరాబాదులో ఉదయం 6 గంటలైతే అమెరికాలోని డాలస్‌లో ముందురోజు సాయంత్రం, వేసవిలో 7.30, చలికాలంలో 6.30. అక్కడ గడియారం మార్చినప్పుడు ముందే సందేశం పంపకపోతే సగం తరగతి రాదు. వారి కెమెరాను ఎదురుగా కాక పక్కన, నేలకు కొంచెం ఎత్తులో పెట్టించండి, అప్పుడే నడుము కనిపిస్తుంది. ఇక్కడ చేయి వేసి సరిదిద్దే వీలు లేదు కనుక మీ మాట ఎంత పనిచేస్తోందో వెంటనే బయటపడుతుంది. నెలకొకసారి, అందరి అనుమతితో ఒక తరగతిని రికార్డు చేసి, దృశ్యం చూడకుండా మీ గొంతు మాత్రమే వింటూ, అది చెప్పినట్లు మాత్రమే మీరు ఆసనాలు వేసి చూడండి. ఏ వాక్యం దగ్గర చేయి ఎటు పెట్టాలో తెలియక ఆగిపోయారో, ఆ వాక్యాన్ని మరునాటి తరగతికి ముందే తిరగరాసుకోండి.