పాత పికప్‌కి కమాన్ కట్టలు మార్చే ముందు

బండి ఒక పక్కకి ఒరిగిందని వెంటనే వెనక కమాన్లు (ఇరుసు దగ్గర బండి బరువు మోసే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్టలు) విప్పకండి. మొదట అన్ని టైర్లలో గాలి సరిచూసి, లోడు దించి, చదునైన నేల మీద రెండు పక్కలా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. పట్టీల మధ్య తుప్పు గీత కనిపిస్తే వైర్ బ్రష్‌తో రుద్ది చూడండి, పగులు అక్కడే దాగుంటుంది. పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగితే ఇరుసే ముందుకో వెనక్కో జరగొచ్చు.

- ముందు చక్రాలకు రెండువైపులా చెక్కలు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ సాధారణంగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. అవి గాల్లోకి లేచాక దాన్ని నమ్మలేం.
- జాకీ ఎత్తడానికే. ఛాసిస్ (బండి అడుగు చట్రం) కింద స్టాండ్లు, ఇరుసు కింద వేరే జాకీ ఉండాలి. ఇటుకలు వద్దు, ఒక్కసారిగా పగిలిపోతాయి. దయచేసి ఈ ఒక్క విషయంలో తొందరపడకండి.
- ఇరుసు వేలాడితే బ్రేక్ గొట్టం లాగుకుపోతుంది.
- కట్టను ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవే వాడండి. పాతవి సాగి ఉంటాయి.
- రెండు పక్కల కట్టలూ జతగా మార్చండి.
- తుప్పు నట్లకు ముందురోజే నూనె.
- రబ్బరు బుష్‌లుంటే షాకిల్ (కట్ట చివరను ఛాసిస్‌కి కలిపే ఊగే లింకు) బోల్టుల చివరి బిగింపు బండి నేల మీద నిలిచాకే.