చేప లేక కాదు, గాలానికి పడక: ఐసు కింద ట్రౌట్, వైట్‌ఫిష్ వేటలో సమస్య - పరిష్కారం

ఐసు మీద నాలుగు గంటలు కూర్చుని ఉత్తి చేతులతో తిరిగొచ్చినవాళ్లు "ఈ రోజు చేప లేదు" అంటారు. ఉత్తర అమెరికాలోని చల్లటి సరస్సుల్లో లేక్ ట్రౌట్, వైట్‌ఫిష్ కోసం వెళ్లేవాళ్ల విషయంలో ఈ మాట చాలాసార్లు తప్పు. చేప ఉంటుంది, మన ఎర దానికి నచ్చేలా ఉండదు.

ఐసుకి తొలిచిన ఒకే రంధ్రం కింద ఈ రెండు చేపలూ ఉండొచ్చు, కానీ వాటి బతుకులు వేరు. ట్రౌట్ తరిమి తినే చేప. నీటి మధ్యలో తిరుగుతూ, తన కంటే పైన కదిలే చిన్న చేపల మీదకి లేస్తుంది. వైట్‌ఫిష్ ఏరుకుని తినే చేప. చిన్న నోటితో బురదలోని నత్తల్ని, చిట్టి ఆల్చిప్పల్ని, పురుగుల్ని వెతుక్కుంటుంది. ఒకదాన్ని ఊరించే కదలిక రెండోదాన్ని బెదరగొడుతుంది. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ తేడాను మర్చిపోవడమే.

మాటల విషయంలో ఒక చిన్న సర్దుబాటు. ఈ వ్యాసంలో ఐసు అంటే సరస్సు పైన గడ్డకట్టిన నీరు. మంచు అంటే దాని మీద రాలి పేరుకున్నది. రెండిటికీ మంచు అనే మాటే వాడితే ఇక్కడ ప్రమాదం.

నడుస్తుంటే ఐసు ఉరుముతోంది

మొదటిసారి విన్నప్పుడు గుండె ఆగినంత పనవుతుంది. చలి పెరిగినా తగ్గినా ఐసు పలక సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆ ఒత్తిడికి పగుళ్లు పరుగెత్తుతూ చేసే శబ్దమది. మందమైన మంచి ఐసు కూడా ఉరుముతుంది. అందుకని శబ్దాన్ని బట్టి భయపడటమూ సరికాదు, నిశ్శబ్దాన్ని బట్టి ధైర్యపడటమూ సరికాదు. కొలిచి తీరాలి.

మనిషి నడవడానికి గట్టి, పారదర్శకమైన ఐసు కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. మంచు మీద నడిచే మోటారు బండి స్నోమొబైల్‌కి 13 నుంచి 18 దాకా కావాలి. పాలలా తెల్లగా ఉన్న ఐసు బలం సుమారు సగమే కాబట్టి దానికి మందం రెట్టింపు చూసుకోండి. ఇవన్నీ కనీసపు లెక్కలు, హామీలు కావు. వాగు కలిసేచోట, నీరు బయటికి పోయేచోట, రెండు ఒడ్లు దగ్గరపడే ఇరుకులో, ఊటల మీద ఐసు హఠాత్తుగా పలచబడుతుంది. మంచు మందంగా పేరుకున్నచోటా జాగ్రత్త. అది దుప్పటిలా చలిని అడ్డుకుని, కింద ఐసు పెరగకుండా చేస్తుంది.

చివర ఉలిలా ఉండే ఇనుప గునపం ఒకటి చేతిలో ఉంచుకుని, కొన్ని అడుగులకోసారి ముందు పోటు వేసి చూడండి. ఒక్క గట్టి పోటుకే నీళ్లు కనిపిస్తే అక్కడే ఆగి, వచ్చిన దారినే వెనక్కి రండి. వసంతం మొదలయ్యాక మందాన్ని కూడా నమ్మకండి. అప్పటి ఐసు నిలువు పుల్లల కట్టలా విడిపోతుంది, అర మీటరు ఉన్నా మోయదు.

ఒకవేళ నీళ్లలో పడితే? మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి ప్రభావాలపై పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 లెక్క గుర్తుంచుకోండి. ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది సుమారు 10 నిమిషాలు, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అంటే పడగానే చచ్చిపోతామన్న టెన్షన్‌తో కొట్టుకోవక్కర్లేదు. మొదటి నిమిషం ఊపిరి మీదే ధ్యాస పెట్టండి. తర్వాత మీరు నడిచి వచ్చిన వైపుకే తిరగండి, ఎందుకంటే ఇంతసేపూ మిమ్మల్ని మోసిన ఐసు అదే. మెడలో వేసుకున్న ఐసు మేకులు గుచ్చి, కాళ్లతో ఈత కొడుతూ పొట్ట మీద పైకి పాకండి. పైకి వచ్చాక లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం వెళ్లండి. మేకులు సంచిలో ఉంటే లేనట్టే. తేలే సూటు లేదా లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఐసు ఎక్కొద్దని నేను గట్టిగా చెబుతాను.

ఆగర్ తిరుగుతోంది, కోయడం లేదు

ఆగర్ అంటే ఐసుకి రంధ్రం తొలిచే బర్మా. అది తిరిగేటప్పుడు పైకి వచ్చే ఐసు పొట్టు చూడండి. పెద్ద పెద్ద పెచ్చులు వస్తుంటే బ్లేడు బాగుంది. పిండిలా వస్తుంటే మొండిబారింది, మార్చాలి. మొదటి రంధ్రం చక్కగా తొలిచి, రెండోచోట మొరాయిస్తే మాత్రం మొండితనం కాదు, బ్లేడు మీద నీరు గడ్డకట్టింది. అప్పుడు చాలామంది ఆగర్‌ని ఐసుకేసి కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. బ్లేడు కోణం కాస్త మారినా ఇక అది కోయదు. పాత రంధ్రంలోని నీళ్లలో కాసేపు ముంచితే చాలు. బయట మైనస్ 20 ఉన్నా ఆ నీరు సున్నా దగ్గరే ఉంటుంది కాబట్టి పట్టిన ఐసు వదులుతుంది. బ్యాటరీ ఆగర్ అయితే బ్యాటరీని వాడేదాకా కోటు లోపల వెచ్చగా పెట్టుకోండి.

సోనార్‌లో చేప కనిపిస్తోంది, ఎర దగ్గరకి రావడం లేదు

ఫ్లాషర్ అంటే నీళ్లలోకి శబ్దం పంపి, కింద ఉన్న చేపనీ మీ ఎరనీ తెరమీద గీతలుగా చూపే సోనార్ పరికరం. అది చూసేది నిట్టనిలువుగా ఒక్క చోటే కాదు, గరాటు ఆకారంలో. 20 డిగ్రీల కోణంలో చూసే సెన్సర్ 20 మీటర్ల లోతులో దాదాపు 7 మీటర్ల వెడల్పు చూస్తుంది. గీత పడిందంటే చేప మీ ఎర పక్కనే ఉందని కాదు, మూడు మీటర్ల అవతల ఉండొచ్చు. గీత సన్నగా, బలహీనంగా ఉంటే అంచులో ఉందని అర్థం. ఎరని రెండు మూడు సార్లు గట్టిగా ఎగరేసి పిలవాలి. గీత మందంగా, బలంగా మారితే దగ్గరకి వచ్చినట్టు.

ఏటవాలు మీద ఇంకో చిక్కుంది. గరాటులో ఎత్తుగా ఉన్న నేల ముందు తగిలి, అక్కడి నుంచే అడుగు మొదలైనట్టు చూపిస్తుంది. ఆ కిందుగా నేలకి ఆనుకుని ఉన్న వైట్‌ఫిష్ అందులో కలిసిపోయి కనిపించదు. వైట్‌ఫిష్ కోసమైతే చదునైన చోటు వెతకండి, లేదంటే 9 డిగ్రీల దగ్గర ఉండే సన్నని గరాటుకి మార్చండి. అప్పుడు అదే లోతులో వెడల్పు 3 మీటర్లకి తగ్గి అడుగు స్పష్టంగా తెలుస్తుంది.

అసలు మీ ఎరే తెరమీద కనిపించకపోతే సెన్సర్ కింద మంచు పిండి చేరిందేమో, అది వంకరగా వేలాడుతోందేమో ముందు చూడండి. అవి బాగుంటే ఎర తేలికై నీటి కదలికకి పక్కకి కొట్టుకుపోతోంది. కాస్త బరువు పెంచండి.

ట్రౌట్ వస్తోంది, చూస్తోంది, వెళ్లిపోతోంది

ఎక్కువమందిని ఏడిపించే సమస్య ఇదే, దీన్ని విప్పడంలోనే ఈ వేట ఆనందమంతా ఉంది.

చేప గీత కింద నుంచి లేచి ఎర దగ్గరకి వస్తుంది. మన చెయ్యి తెలియకుండానే ఆగిపోతుంది, "తినేయ్, తినేయ్" అనుకుంటూ. చేప కూడా ఆగి, ఒక క్షణం చూసి దిగిపోతుంది. కారణం స్పష్టం. తరిమే జంతువు ముందు ఆహారం ఆగిపోతే అది ఆహారంలా అనిపించదు. ప్రాణమున్న చిన్న చేప ట్రౌట్‌ని చూసి నిలబడదు, పైకి పారిపోతుంది.

కాబట్టి గీత కదిలి మీ ఎర వైపు లేవగానే రీల్ తిప్పడం మొదలుపెట్టండి. చేప వెంట వస్తే వేగం పెంచండి. ఐదు మీటర్లు, పది మీటర్లు తరిమించినా ఫర్వాలేదు. అది వెనకబడుతుంటే ఆపకండి, వేగం కొంచెం తగ్గించి ఒక్క కుదుపు ఇవ్వండి. చేప గీత, ఎర గీత కలిసిపోయిన క్షణంలో కూడా రీల్ తిరుగుతూనే ఉండాలి. దెబ్బ తగలగానే రాడ్ పైకెత్తండి.

దిగిపోయిన చేపని పోయిందని వదిలేయకండి. ఎరని దాని లోతు దాకా వేగంగా వదిలి, మళ్లీ పైకి పరుగెత్తించండి. ఒకే ట్రౌట్ మూడు నాలుగు సార్లు లేచి, చివరికి కొట్టడం మామూలే. అప్పటికీ తాకకపోతే ఎర సైజు తగ్గించండి. నీళ్లు బాగా తేటగా ఉంటే లీడర్, అంటే ఎరకి ముందు కట్టే, నీళ్లలో పెద్దగా కనపడని ఫ్లోరోకార్బన్ దారం కూడా సన్నగా ఉండాలి.

అసలు గీతే రానివాళ్లు చూసుకోవాల్సింది లోతు. కొత్తవాళ్లు ఎరని రోజంతా అడుగునే ఉంచుతారు. శీతాకాలంలో ఐసుకి ఆనుకున్న నీరు సున్నా దగ్గర, అడుగు నీరు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. మొత్తంగా చల్లగానే ఉంటుంది కాబట్టి వేసవిలోలా ట్రౌట్ లోతుకే కట్టుబడి ఉండక్కర్లేదు, ఐసుకి కొద్ది మీటర్ల కిందా తిరుగుతుంది. పది నిమిషాలకోసారి ఎరని అడుగు నుంచి ఐసు దాకా మెల్లగా లాగి, మళ్లీ వదలండి. మధ్యలో చిన్న చేపల గుంపు మేఘంలా కనిపిస్తే ఆ చుట్టుపక్కలే ఉండండి. ట్రౌట్ వాటి వెంటే తిరుగుతుంది.

వైట్‌ఫిష్ ఎర మీదే ఉన్నట్టుంది, చేతికి ఏమీ తెలియడం లేదు

వైట్‌ఫిష్ ఎరని లాక్కుపోదు. నోట్లోకి పీల్చి, నచ్చకపోతే ఊసేస్తుంది. చాలాసార్లు పీల్చి కొంచెం పైకి లేస్తుంది. అప్పుడు లైన్ బిగుసుకోదు, వదులవుతుంది. లాగుడు కోసం ఎదురుచూసే చేతికి ఇది ఎప్పటికీ అందదు.

రెండు పనులు చేయండి. మొదటిది, రాడ్ చివర మెత్తని స్ప్రింగ్ తీగ తగిలించి, కళ్లన్నీ దాని మీదే పెట్టండి. ఎర బరువుకి వంగి ఉన్న తీగ నిటారుగా లేచినా చేప పట్టినట్టే, వెంటనే మణికట్టుతో చిన్నగా ఎత్తండి. రెండోది, సాగే మోనో లైన్ (ఒంటిపోగు నైలాన్ దారం) మానేసి అల్లిన లైన్‌కి మారండి. పాతిక మీటర్ల మోనో సాగిపోతే మీరు ఎత్తిన ఎత్తు గాలం దాకా చేరదు. అయితే అల్లిన లైన్ నీళ్లు పీల్చి బయట చలికి కర్రలా గడ్డకడుతుంది కాబట్టి ఇది టెంట్‌లో కూర్చునేవాళ్లకే సుఖం.

కదలిక విషయంలో ట్రౌట్‌కి చెప్పినదంతా ఇక్కడ మర్చిపోండి. బరువైన స్పూన్‌తో (చెంచా ఆకారపు లోహపు ఎర) అడుగున మూడు నాలుగు సార్లు కొట్టి బురద లేపండి. తర్వాత నేలకి జానెడు పైన కదలకుండా పది, పదిహేను సెకన్లు ఆపండి. బురద మేఘం చూసి చేప వస్తుంది, ఆగినప్పుడే తింటుంది. వచ్చి కూడా తాకకపోతే స్పూన్‌కి ఒక అడుగు ఎత్తులో లైన్ మీద చిన్న గాలం కట్టి, పురుగులా కనిపించే ఈకల ఎర వేయండి. స్పూన్ పిలిచేది, చిన్నది తినిపించేది. నాకు ఈ ఏర్పాటు మీదే నమ్మకం ఎక్కువ.

పట్టిన చేప సగం దారిలో జారిపోతోంది

వైట్‌ఫిష్ పెదవి కాగితమంత పలచన. గట్టిగా గుంజితే గాలం చీల్చుకుని వచ్చేస్తుంది. చేప లాగినప్పుడు లైన్‌ని ఎంత బిగువుతో వదలాలో నిర్ణయించే రీల్ బ్రేకుని, అంటే డ్రాగ్‌ని వదులు చేసి, ఒకే ఒత్తిడితో ఆగకుండా పైకి తీసుకురండి. రాడ్‌ని పంపులా ఎత్తి దించితే మధ్యలో లైన్ వదులై చేప విడిపించుకుంటుంది.

ట్రౌట్ పోయేది ఎక్కువగా రంధ్రం దగ్గర. వెలుగు చూడగానే చివరి పరుగు తీస్తుంది. ఆ క్షణంలో డ్రాగ్ గడ్డకట్టి ఉంటే లైన్ ఐసు అంచుకి కోసుకుని తెగుతుంది. గంటకోసారి చేత్తో కాస్త లైన్ లాగి డ్రాగ్ తిరుగుతోందో లేదో చూసుకోండి. చిక్కటి గ్రీజు చలికి బిగుసుకుంటుంది, దాన్ని తుడిచేసి పలచని నూనె వేయండి. చేప తల రంధ్రంలోకి తిరిగేదాకా పైకి లాగకండి, అడ్డంగా వస్తే గాలం అంచుకి తగులుకుని ఊడిపోతుంది.

లైన్ మెలికలు పడుతుంటే ఎర గిరగిరా తిరుగుతోందని అర్థం. లీడర్ పైన మంచి స్వివెల్ (లైన్ మెలిపడకుండా తనంతట తిరిగే చిన్న లోహపు కొలికి) కట్టండి.

టెంట్‌లో తలనొప్పిగా ఉంది

దీన్ని చలి మీదకో, నిద్రలేమి మీదకో నెట్టకండి. హీటర్ వెలుగుతున్న టెంట్‌లో తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం కలిగితే కార్బన్ మోనాక్సైడ్ అనే అనుకోవాలి. దానికి వాసన లేదు, రంగు లేదు. వెంటనే అందరూ బయటికి రండి, హీటర్ సంగతి తర్వాత. తగ్గకపోతే, లేదా ఎవరైనా మగతగా ఉంటే అత్యవసర వైద్యం కావాలి. పైనా కిందా గాలి కంతలు తెరిచే ఉంచడం, పనిచేసే డిటెక్టర్ పెట్టుకోవడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

వదిలేసిన చేప తేరుకోవడం లేదు

ఉత్తరాన బాగా చల్లటి నీళ్లలో లేక్ ట్రౌట్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కెనడాలోని గ్రేట్ బేర్ సరస్సు లాంటిచోట్ల 50 ఏళ్లు దాటినవీ ఉంటాయి. ఫొటో కోసం అలాంటి చేపని చంపుకోవడం నాకు తట్టుకోలేని విషయం.

తేరుకోకపోవడానికి మామూలు కారణం గాలిలో ఉంచిన సమయం. మైనస్ 20లో ఐసు మీద పడుకోబెడితే మొప్పలూ కళ్లూ కొద్దిసేపట్లోనే గడ్డకట్టడం మొదలవుతుంది. గాలాన్ని చేపని నీళ్లలోనే ఉంచి పట్టకారుతో తీయండి. ఫొటో కావాలంటే కెమెరా ముందే సిద్ధం చేసుకుని, తడి చేతులతో ఎత్తి, వెంటనే దించండి.

లోతు నుంచి వచ్చిందని భయపడకండి. ట్రౌట్, వైట్‌ఫిష్ రెండిటికీ గాలితిత్తి నుంచి గొంతు దాకా గొట్టం ఉంటుంది, పైకి వచ్చేటప్పుడు గాలి వదిలేయగలవు. రంధ్రంలో చేప కంటే ముందు బుడగలు రావడం అందుకే. మరీ వేగంగా లాగితే ఆ వ్యవధి దొరకదు, అందుకని చివరి పది మీటర్లు నిదానించండి. వదిలేటప్పుడు తల కిందికి పెట్టి, తోక మొదట్లో మెత్తగా పట్టుకుని ఉంచండి. మొప్పలు లయగా ఆడి, తోక మీ వేళ్లని గట్టిగా తోసినప్పుడు వదిలేయండి.