పాత కారు పుట్టుక ఆరా తీయడం ఎలా? మస్టాంగ్‌తో మొదలుపెడదాం

"ఫోర్డ్ మస్టాంగ్ మొదటి నమూనా ఏది?" అని అడిగితే చాలామంది 1962 నాటి రెండు సీట్ల చిన్న తెల్ల కారు ఫోటో చూపిస్తారు. పేరు అదే, గుర్రం బొమ్మా అదే. కానీ అది మూలం కాదు. ఎందుకు కాదో తేల్చే పద్ధతి మిగతా పాత కార్లకూ పనికొస్తుంది.

ముందు ఓ కాగితం తీసుకుని తేదీలు మాత్రమే రాయండి. ఫోర్డ్ డిజైన్ విభాగం 1962 ఆగస్టులో మట్టి నమూనాలను పోటీకి నిలబెట్టింది. జో ఓరోస్ బృందం చేసినది నెగ్గింది. సెప్టెంబరులో తయారీకి అనుమతి వచ్చింది. ఆ రెండు సీట్ల మస్టాంగ్ 1 వాట్కిన్స్ గ్లెన్ రేస్ ట్రాక్ మీద జనానికి కనిపించింది అక్టోబరు 7న. అంటే అసలు కారు రూపం అప్పటికే ఖాయమైపోయింది! తేదీలు పక్కపక్కన పెడితే తప్ప ఈ సంగతి కంటికి ఆనదు.

తర్వాత పేరును పక్కనపెట్టి కారును చూడండి. నెగ్గిన మట్టి నమూనా పేరు కూగర్, దాని గ్రిల్‌లో ఉన్నది గుర్రం కాదు, పిల్లిజాతి జంతువు. మస్టాంగ్ 1లో వీ4 ఇంజన్ సీట్ల వెనక ఉంది. అమ్మకానికొచ్చిన మస్టాంగ్‌కి ఇంజన్ ముందు, సీట్లు నాలుగు, అడుగుభాగం చాలావరకు ఫోర్డ్‌వాళ్లదే మరో కారైన ఫాల్కన్‌ది. కాబట్టి మూలం వెతకాలంటే ఫాల్కన్ దగ్గరికి వెళ్లాలి.

1963లో వచ్చిన మస్టాంగ్ 2 షో కారుతో ఇంకా జాగ్రత్త. అమ్మకానికొచ్చే మస్టాంగ్ కోసం తయారీకి ముందు చేసిన బాడీనే తీసుకుని ముక్కు సాగదీసి, పైకప్పు తగ్గించారు. పిల్లను తల్లిగా చూపించారన్నమాట.

ఎదురుగా కారే ఉంటే బానెట్ ఎత్తండి. డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి రేకు మీద నంబరు కొట్టి ఉంటుంది. ఉదాహరణకి 5ఎఫ్08ఎఫ్100001. 5 అంటే 1965 మోడల్, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 08 అంటే కన్వర్టిబుల్, రెండో ఎఫ్ అంటే 260 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్. చివరిది వరుస సంఖ్య. 1964 ఏప్రిల్ 17న విడుదలైన తొలి కార్లకీ మొదటి అంకె 5 ఉంటుంది. "1964న్నర మోడల్" జనం పెట్టుకున్న పేరు. ఆ తొలి కార్లలో కరెంటు పుట్టించడానికి ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉంటుంది. అయితే విడిభాగాలు మారిపోతుంటాయి కాబట్టి ముందు నంబరే చూడండి.

ఆ 100001 కారు విడుదలకి ముందే కెనడాలో ఓ పైలట్‌కి అమ్ముడైంది. ఇప్పుడు అదీ, మస్టాంగ్ 1 కూడా డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. రెండింటి ఫోటోలు పక్కపక్కన పెట్టి తలుపులు, సీట్లు, ఇంజన్ ఒక్కొక్కటే పోల్చండి.