బన్యుల్స్‌ పక్కన ఏం పెట్టాలి?

బన్యుల్స్ అంటే దక్షిణ ఫ్రాన్స్‌లో చేసే తియ్యటి వైన్. కొనేటప్పుడు ముందు లేబుల్ మీద ‘రిమాజ్’ అని ఉందో లేదో చూడండి. పక్కన ఏం పెట్టాలన్నది సగం అక్కడే తేలిపోతుంది. నేను ఆ ప్రాంతంలోని పెర్పిన్యాన్ అనే ఊళ్లో ఒక రెస్టారెంట్‌లో వెయిటర్‌ని. మనవాళ్లు ఎవరొచ్చినా అడిగేది ఒకటే: “తియ్యటి వైన్ కదా, స్వీట్లతోనే తాగాలా?” అక్కర్లేదు. చాలా స్వీట్ల ముందు ఇది చప్పబడిపోతుంది కూడా.

స్పెయిన్ సరిహద్దు దగ్గర, సముద్రం అంచున ఉన్న రాతి కొండల మీద పండే గ్రెనాష్ ద్రాక్షే దీనికి ఆధారం. బన్యుల్స్, కొల్యూర్, పోర్-వాంద్ర్, సెర్బేర్ ఊళ్లలో పండినదానికే ఆ పేరు చెల్లుతుంది. రసం పులుస్తుండగా మధ్యలో ఘాటైన ద్రాక్ష స్పిరిట్ పోస్తారు. దాంతో పులియడం ఆగిపోయి, మిగిలిన చక్కెర వైన్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి తియ్యగా ఉంది కదా అని గటగటా తాగేయకండి, ఇందులో ఆల్కహాల్ 15 శాతానికి తగ్గదు.

రిమాజ్ అంటే ఒకే ఏడాది పంట. గాలి తగలనివ్వకుండా ఉంచి, తొందరగా సీసాల్లో నింపుతారు. నల్ల చెర్రీ వాసన, కాస్త వగరు. దీనికి జోడీ డార్క్ చాక్లెట్, 70 శాతం కోకో ఉన్నది. తీపి లేని రెడ్ వైన్ చాక్లెట్‌తో తాగితే పుల్లగా, చేదుగా అనిపిస్తుంది. రిమాజ్‌లో చక్కెర ఉంది కనుక ఆ చేదుకు తట్టుకుంటుంది. మిల్క్ చాక్లెట్ మాత్రం వద్దు. తినేది వైన్ కంటే తియ్యగా ఉంటే వైన్ నీళ్లలా తోస్తుంది. గులాబ్ జామూన్, జిలేబీ పనికిరానిది అందుకే.

రిమాజ్ అని లేని సీసాల్లో ఎక్కువగా ఉండేది గాలి తగిలేలా పాతబెట్టిన వైన్. కొందరు పీపాల్లో ఉంచుతారు, కొందరు పెద్ద గాజు బుడ్లలో పోసి ఆరుబయట ఎండకు వదిలేస్తారు. లేబుల్ మీద ‘గ్రాండ్ క్రూ’ అని ఉన్న మేలురకం అయితే కనీసం 30 నెలలు చెక్క పీపాలో ఉండాల్సిందే. రంగు ఇటుకపొడిలా మారుతుంది. ఎండు అంజీర్, అక్రోటు, కాఫీ వాసనలొస్తాయి. నాకు ఇష్టమైనది ఇదే. అక్రోటు టార్ట్, వేయించిన బాదం, ఈ ప్రాంతపు కస్టర్డ్ లాంటి క్రెమా కతలానా, అన్నీ కుదురుతాయి. కానీ ఒక్కటే ఎంచుకోమంటే రోక్‌ఫోర్ అనే ఉప్పటి నీలిచారల చీజ్ అంటాను. జామకాయ ముక్కకి ఉప్పు అద్దుకున్నట్టు, చీజ్‌లోని ఉప్పు వైన్ తీపిని పైకి తెస్తుంది. మన వంటకాల్లోంచి అయితే బెల్లం తక్కువేసిన సున్నుండ పెట్టండి. వేయించిన మినుముల కమ్మదనం దీనికి బాగా అతుకుతుంది.

కారంతో మాత్రం జాగ్రత్త. ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. కోడి వేపుడు పక్కన దీన్ని పెట్టి, తర్వాత వైన్‌ని తిట్టుకోవద్దు.

చాక్లెట్ ఇష్టం లేని అతిథులకు మస్కా ద రివ్‌సాల్ట్ తెచ్చుకోండి. తెల్ల వైన్, ఇక్కడిదే. 8–10 డిగ్రీల చల్లదనంలో, ఖర్బూజా ముక్కలతో గానీ నిమ్మ టార్ట్‌తో గానీ ఇవ్వండి.

బన్యుల్స్‌కి 14 డిగ్రీలు చాలు. అంటే ఎండాకాలంలో అరగంటైనా ఫ్రిజ్‌లో ఉండాలి. చిన్న గ్లాసులో 60 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. తెరిచాక పాతబెట్టిన రకం మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి నిలుస్తుంది, ఎందుకంటే గాలి దానికి అలవాటే. రిమాజ్‌ని కొద్ది రోజుల్లో తాగేయండి. ఇంకా అడుగున మిగిలితే బేరిపండ్లు చెక్కు తీసి అందులో సన్నసెగ మీద ఉడికించండి. వేరే చక్కెర వేయక్కర్లేదు.