పాత క్లాసిక్ సినిమాల డిస్కులు కొనేముందు ఏం చూసుకోవాలి

పాత సినిమాలు డిస్కుల్లో పోగేద్దామని మొదలుపెట్టినవాళ్ళు చాలామంది పేరు చూసి కొనేస్తారు, కానీ చూడాల్సింది ఆ డిస్క్ ఏ ప్రింట్ (ఫిల్మ్ కాపీ) నుంచి చేశారనేది. ఒకే సినిమాకి నాలుగైదు ఎడిషన్లు ఉంటాయి, ఒకదాంట్లో మొహాలే ఆనవు, ఇంకోదాంట్లో చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు.

1927 నాటి జర్మన్ మూకీ సినిమా మెట్రోపోలిస్ సంగతే చూడండి. రిలీజైన కొత్తలోనే దాన్ని బాగా కోసేశారు, ఆ ముక్కలు ఇక దొరకవనే అనుకున్నారు, తీరా 2008లో బ్యూనస్ ఏరిస్‌లో ఒక 16 ఎంఎం (చిన్న సైజు ఫిల్మ్) కాపీ బయటపడింది, దాంతో 2010 రిస్టోరేషన్‌లో, అంటే పాత ఫిల్మ్‌ని బాగుచేసి తెచ్చిన వెర్షన్‌లో, దాదాపు 25 నిమిషాల సినిమా వెనక్కొచ్చింది. ఆ సీన్లు చూడగానే తెలిసిపోతాయి, నిండా గీతలే. కవర్ వెనక నిడివి రెండున్నర గంటల దగ్గర్లో ఉంటే అది ఈ వెర్షన్, గంటన్నర లోపుంటే దాని జోలికెళ్ళకండి. సత్యజిత్ రాయ్ అపు త్రయం కూడా అంతే, 1993లో లండన్ ల్యాబ్‌లో మంటలొచ్చి నెగెటివ్‌లు (కెమెరాలో తీసిన అసలు ఫిల్మ్) కాలిపోయాయి, మిగిలిన వాటిని బాగుచేయించి, పనికిరాని చోట వేరే ప్రింట్లు వాడి, పాత సినిమాల డిస్కులు తెచ్చే అమెరికా కంపెనీ క్రైటీరియన్ వాళ్ళు 2015లో బ్లూరే తెచ్చారు, కొంటే అదే రిస్టోరేషన్ నుంచి వచ్చింది కొనాలి. కవర్ మీద ఉత్త 'రీమాస్టర్డ్' అని ఉంటే నేనైతే నమ్మను, ఒరిజినల్ నెగెటివ్ నుంచి స్కాన్ చేశాం, ఫలానా ఆర్కైవ్ చేసింది అని వివరంగా రాస్తేనే నమ్మకం.

నిడివి దగ్గర ఒక తిరకాసుంది. పాల్ (యూరప్, ఇండియా లాంటి చోట్ల వాడిన టీవీ పద్ధతి) డీవీడీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేముల్లో తిప్పేస్తారు కాబట్టి 100 నిమిషాల సినిమా 96కే అయిపోతుంది, సీన్లు కోసేశారని కంగారుపడక్కర్లేదు, కాకపోతే గొంతులు కాస్త సన్నగా వినిపించొచ్చు. బ్లూరేలో మామూలుగా ఈ గొడవుండదు.

రీజియన్ కోడ్, అంటే ఆ డిస్క్ ఏ ప్రాంతం ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, తప్పకుండా చూసుకోండి, బ్లూరేకి ఎ, బి, సి అని మూడున్నాయి, అమెరికాలో వచ్చే క్రైటీరియన్ డిస్కులు ఎక్కువగా ఎ, బ్రిటన్ వైపు బీఎఫ్ఐ, యురేకా అనే డిస్క్ కంపెనీల వాళ్ళవి ఎక్కువగా బి. 4కె డిస్కులకి రీజియన్ లేదు, కానీ అదే బాక్స్‌లో వచ్చే బ్లూరేకి ఉండొచ్చు. సీరియస్‌గా కలెక్ట్ చేద్దామనుకుంటే అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ తీసుకోవడమే సుఖం.

ఇక బొమ్మ విషయం. 1950ల మొదటి వరకు హాలీవుడ్ సినిమాలు దాదాపు చదరంగానే, 1.37 రేషియోలో (ఎత్తుకి 1.37 రెట్లు వెడల్పు) ఉండేవి, కాబట్టి టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలొస్తే అది సరైన డిస్కే, తెర నిండా వస్తోందంటే పైనా కిందా కోసేసినట్టు, లేదా సాగదీసినట్టు. గ్రెయిన్ (బొమ్మ మీద ఇసుక చల్లినట్టుండే సన్నటి చుక్కలు) కనిపిస్తే కూడా తిట్టుకోకండి, ఫిల్మ్ అంటేనే గ్రెయిన్, దాన్ని నున్నగా తుడిచేస్తే మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి.

సెకండ్ హ్యాండ్ డిస్కులైతే కింది వైపు లైటుకి పట్టి అటూ ఇటూ వంచి చూడండి. సన్నటి గీతలు పర్లేదు, మధ్య కన్నం చుట్టూ పగులుంటే వద్దు, మబ్బు పట్టినట్టో గోధుమరంగులోనో మచ్చలుంటే లోపలి పొర పాడవుతున్నట్టు లెక్క, దాన్ని ఏ పాలిషూ బాగుచేయలేదు. కింద ఊదారంగు కనిపిస్తే అది ఖాళీ డిస్కు మీద రాసిన (బర్న్ చేసిన) డిస్కు, అలాగని అన్నీ పైరసీ కాదు, 2009లో మొదలైన వార్నర్ ఆర్కైవ్ లాంటివాళ్ళు ఆర్డర్ వచ్చాక రాసిచ్చిన అసలు డీవీడీలు కూడా అలాగే ఉంటాయి, అయితే ఫ్యాక్టరీలో అచ్చేసిన డిస్కులంత కాలం ఉంటాయని నమ్మకం లేదు.

డిస్క్ ఇంటికొచ్చాక సీల్ తీయకుండా అలమరలో పెట్టేయకండి, రిటర్న్ గడువు లోపలే చివరిదాకా ఆడించి చూడండి. రెండు పొరల డీవీడీల్లో లేయర్ మారే చోట, ఆ తర్వాత సగంలోనే ఎక్కువగా ఇరుక్కుంటాయి, మొదటి పావుగంట చూసి ఓకే అనుకుంటే తెలీదు. తుడవాల్సొస్తే మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు, దాచేటప్పుడు కేసుల్లో నిలబెట్టి ఎండ తగలని చోట పెడితే చాలు.