కథను విప్పి చదవడం ఎలా

కథలోని అలంకారాలను గుర్తించమంటే చాలామంది విద్యార్థులు ‘వలె’, ‘లాగా’ అన్న మాటలు కనిపించిన చోటల్లా గీత గీసి, పక్కన ఉపమ అని రాసి ఊరుకుంటారు. పేరు తెలిసినంత మాత్రాన ప్రయోజనం తెలియదు. ఆ మాటను తీసేసి చదివితే కథకు ఏం లోటు వస్తుందో చూడాలి. ఇందుకోసం పొదిలి వైపు, వేలానికి తన బేలు (పొగాకు ఆకు కట్ట) తెచ్చిన రైతు గురించి నాలుగు వాక్యాలు కల్పించుకుందాం.

“సుబ్బయ్య బేలు ముందు కొనుగోలుదారు క్షణమైనా ఆగకుండా వెళ్లిపోయాడు. సుబ్బయ్య పైనున్న ఆకునొకదాన్ని తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. పొద్దుగూకి ఇల్లు చేరాక ‘ఎంతకు పోయిందయ్యా?’ అని భార్య అడిగింది. ‘ఇయ్యాల ఎండ మండిపోయింది’ అన్నాడు.”

బేలు అమ్ముడుపోకపోవడం ఇక్కడి ఇతివృత్తం. సంఘర్షణ మాత్రం రెండంచెలుగా ఉంది: వేలంలో ఎదురైనది ఒకటి, ఇంట్లో చెప్పడమా మానడమా అన్నది మరొకటి. రెండోదాన్ని రచయిత ఎక్కడా ప్రస్తావించలేదు. సుబ్బయ్య జవాబుకు వాచ్యార్థం, అంటే మాట నేరుగా చెప్పే అర్థం, ఎండ. వ్యంగ్యార్థం, అంటే చెప్పకుండానే తోచే అర్థం, ‘అమ్ముడుపోలేదు, ఇక అడగవద్దు’ అని. తొమ్మిదో శతాబ్దిలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్న ధ్వని ఇదే. ‘అతడు చాలా బాధపడ్డాడు’ అన్న వాక్యం ఒకటి చేర్చి చదవండి, ధ్వని అక్కడికక్కడే చచ్చిపోతుంది. జేబులోని ఆకు, అతడు ఇంట్లో చెప్పకుండా దాచిన మాటకు ప్రతీక. అయితే ప్రతి వస్తువునూ ప్రతీకగా చూడటం కూడా ఒక జబ్బేనని నా అభిప్రాయం.

అలంకారాల విషయానికి వస్తే, ‘ముఖం మాడిన ఆకులా నల్లబడింది’ అన్నది ఉపమ. ముఖం ఉపమేయం, మాడిన ఆకు ఉపమానం, నల్లబడటం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. ‘ఆ ముఖం మాడిన ఆకేమో అన్నట్లుంది’ అంటే ఊహ ప్రధానమై ఉత్ప్రేక్ష అవుతుంది. ‘అప్పుల నిప్పులో ఎండుతున్నాడు’ అంటే అప్పుకూ నిప్పుకూ భేదం లేకుండా చెప్పిన రూపకం. బ్యారన్‌లో ఆకును వేడితో ఆరబెట్టే రైతుకు ఈ రూపకం అమరినట్లు చేపలు పట్టే వారికి అమరదు. పోలిక పాత్ర బతుకులోంచే రావాలి.

నాటకీయ వ్యంగ్యానికి నెల్లూరు తిక్కన కంటే మంచి గురువు దొరకడు. భారతంలో 15 పర్వాలు తెనిగించిన ఆ కవి తన అనువాదాన్ని మొదలుపెట్టిన విరాటపర్వం నిండా మారువేషాలే. సారథి దొరికితే చాలు, కౌరవుల పని పడతానని ఉత్తరుడు అంతఃపుర స్త్రీల ముందు బీరాలు పలుకుతాడు. ఆ సారథిగా రాబోయే బృహన్నల అర్జునుడేనని మనకు తెలుసు, అతనికి తెలియదు. పాత్రకూ పాఠకుడికీ తెలిసినదాంట్లో ఉన్న ఈ తేడాను కొలవడం అలవాటు చేసుకుంటే, నవ్వు ఎక్కడ పుడుతోందో, భయం ఎక్కడ పుడుతోందో పట్టుకోవచ్చు.

దృష్టికోణానికి అభ్యాసమే మార్గం. పై నాలుగు వాక్యాలను ఈసారి భార్య వైపు నుంచి తిరగరాయండి. వేలం ఆమె చూడలేదు కాబట్టి మొదటి రెండు వాక్యాలు పోతాయి. చొక్కా ఉతకబోయినప్పుడు జేబులో దొరికిన ఆకుతో కథ మొదలవుతుంది.